టీచరమ్మను విమానం ఎక్కించిన కేశవ

ఉదయగిరి బస్టాండు పక్కన బాడుగ కార్లు ఆగే వరసలో చిట్టచివర ఒక తెల్లకారు ఉంటుంది. దాని వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో 'హారన్ కొడితే వినపడదు, లైటు వేయండి' అని రాసి ఉంటుంది. కొత్తవాళ్లు చదివి కారులో ఏదో లోపం ఉందనుకుంటారు. కారు బాగానే ఉంటుంది. దాన్ని నడిపే కేశవకు రెండు చెవులూ వినపడవు.

కేశవది మర్రిపాడు మండలంలో ఒక చిన్న పల్లె. తండ్రి కామయ్య లారీ డ్రైవరు. కేశవకు పదేళ్లున్నప్పుడు ఆయన కామెర్లు వచ్చి చనిపోయాడు. తల్లి ఓబమ్మ గొర్రెలు మేపి కొడుకును సాకింది. రెండేళ్ల వయసులో వచ్చిన జ్వరం అతని వినికిడిని తీసుకుపోయిందని ఆమె చెబుతుంది. ఆస్పత్రికి మూడు రోజులు ఆలస్యంగా తీసుకుపోయానని ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటుంది. వినపడని పిల్లల కోసం నెల్లూరులో ఉన్న బడిలో వేసి ఎనిమిదో తరగతి దాకా చదివించింది. అక్కడే కేశవకు తెలుగు చదవడం, రాయడం, చేతులతో మాట్లాడడం వచ్చాయి.

బడి అయిపోయాక ఆత్మకూరులో శ్రీనివాసులు మెకానిక్ షెడ్డులో చేరాడు. అక్కడ ఒక విచిత్రం బయటపడింది. మిగతావాళ్లు ఇంజను చప్పుడు విని రోగం చెబితే, కేశవ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చెప్పేవాడు. కళ్లు మూసుకుని కాసేపు అట్లా నిలబడి, ఏ భాగం వదులైందో వేలితో చూపేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అక్కడే దొరికేది. రిపేరైన బండ్లను షెడ్డు వెనక ఖాళీ స్థలంలో ముందుకూ వెనక్కూ తిప్పుతూ నడపడం నేర్చుకున్నాడు. రోడ్డెక్కే దారి మాత్రం లేదు. వినపడనివాళ్లకు లైసెన్సు ఇవ్వరని అందరూ అనేవారు.

తరవాత, వాళ్లకూ ఇవ్వొచ్చని ప్రభుత్వం చెప్పింది. ఆ సంగతి శ్రీనివాసులు పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి కేశవ చేతిలో పెట్టాడు. ఓబమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఎనక నించి లారీ వస్తే ఎట్టా తెలస్తాదయ్యా వీడికి? లారీ మనిషిని నేను ఒకసారి కట్టుకున్నా. చాలు" అని శ్రీనివాసులు మీదికి లేచింది. శ్రీనివాసులు ఆమెను కారులో ఎక్కించుకుని, కేశవను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చేజర్ల దాకా పోయి రమ్మన్నాడు. దారి పొడుగునా ఓబమ్మ కొడుకు కళ్లనే చూసింది. అవి ఒక్కచోట ఆగలేదు. ముందు, కుడి అద్దం, నడిమి అద్దం, ఎడమ అద్దం, మళ్లీ ముందు. తిరిగొచ్చాక ఆమె కారు దిగి, "వీడు చెవులు రెండూ కళ్లలో పెట్టుకోనుండాడు. పోనీ లే" అంది.

లైసెన్సు చేతికొచ్చాక కేశవ చెన్నై పోయి, ఫోన్లో యాప్ నొక్కితే ఇంటి ముందుకొచ్చే కార్లలో ఒకటి నడిపాడు. ఆ పని తన కోసమే పుట్టిందా అనిపించేది అతనికి. బేరం వస్తే ఫోన్ మోగడానికి బదులు తెర మెరిసేది. ఎక్కడికి పోవాలో మ్యాప్ చూపేది. 'మీ డ్రైవరుకు వినపడదు, ఏదైనా చెప్పాలంటే మెసేజ్ పెట్టండి' అని ఎక్కేవాళ్లకు ముందే తెలిసేది. ఎవరూ అతన్ని రెండుసార్లు అడగాల్సిన పని లేదు, అతని మొహం చూసి జాలిపడాల్సిన పనీ లేదు. విమానాశ్రయం దగ్గర కార్లు ఆగే చోట అతనిలాంటి డ్రైవర్లు మరో ఆరుగురు కలిసేవారు. బేరం వచ్చేదాకా చేతులతో కబుర్లు చెప్పుకుని, పడీపడీ నవ్వుకునేవారు. మూడేళ్లలో కేశవ ఎన్ని వందలమందిని ఆ గుమ్మం ముందు దింపాడో. లోపల ఎట్లా ఉంటుందో మాత్రం చూడలేదు.

నాలుగేళ్ల కిందట ఓబమ్మ గొర్రెల వెనక గుట్ట దిగుతూ జారి తుంటి విరగ్గొట్టుకుంది. కేశవ చెన్నై వదిలి వచ్చేశాడు. తల్లి లేచి నడవడానికి ఆరు నెలలు పట్టింది. గొర్రెలను అమ్మేసి, ఉదయగిరిలో ఒక గది తీసుకుని, వాడిన కారు ఒకటి కొన్నాడు.

ఉదయగిరిలో ఆ యాప్ తెరిస్తే 'మీ ప్రాంతంలో కార్లు లేవు' అని వచ్చేది. కళ్లెదుట తొమ్మిది కార్లు నిలబడి ఉండేవి. ఇక్కడ బేరాలన్నీ ఫోన్‌కాల్ మీదే. "రేపు పెండ్లికి పోవాల, కారు పంపు" అంటే పంపడం. కేశవ ఫోన్ మోగినా అతనికి తెలియదు, ఎత్తినా లాభం లేదు. స్టాండులో అందరికంటే పెద్దవాడు పెంచలనరసయ్య చెడ్డవాడేమీ కాదు గానీ నోటి దురుసు మనిషి. "మన గిరాకీ అంతా మాట మీదనే గదా. వీడు ఈడ ఎట్టా బతుకుతాడు?" అని పక్కవాళ్లతో అనేవాడు. కేశవ ఎదురుగా ఉంటే పెదవుల కదలికను బట్టి సగం అర్థం చేసుకునేవాడు.

అతని దగ్గరికి మొదటి బేరాన్ని పంపింది కూడా ఆ పెంచలనరసయ్యే. ఉదయగిరి హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన ఆదిశేషమ్మ నెలకోసారి నెల్లూరు కంటి ఆస్పత్రికి పోవాలి. ఆమెకు సుగరు కళ్లను పట్టింది. కంట్లో సూది వేయించుకుని, సాయంత్రం దాకా అక్కడే ఉండి రావాలి. అంతసేపు కాచుకోవడానికి డ్రైవర్లెవరూ ఇష్టపడేవారు కారు. "ఆయమ్మకి చూపు ఆనదు, ఈయనకి చెవులు ఇనపడవు. సరిపోయింది" అని పెంచలనరసయ్య నవ్వుతూ కేశవ నంబరు ఆమెకిచ్చాడు.

ఆదిశేషమ్మకు ఫోన్‌లో అక్షరాలు కొట్టేంత చూపు లేదు. మాట రికార్డు చేసి పంపింది. కేశవ ఫోన్‌లో మాటను అక్షరాలుగా మార్చే యాప్ ఉంది. ఆమె అన్నది, "రేపు పెందలాడే రా నాయనా." అంటే తెల్లవారగానే రమ్మని. ఫోన్‌కు నెల్లూరు మాట అర్థం కాలేదు. 'రేపు పెంచలయ్య రా నాయనా' అని రాసింది. ఊళ్లో పెంచలయ్యలు వీధికి ఇద్దరున్నారు. ఏ పెంచలయ్యను తీసుకురమ్మందోనని కేశవ పొద్దున్నే నాలుగిళ్లు తిరిగి, ఎవరూ రామంటే, ఆలస్యంగా ఒంటరిగా ఆమె ఇంటి ముందు ఆగాడు. 'పెంచలయ్య దొరకలేదు టీచరమ్మా' అని కొట్టి, ఫోన్ చేత చదివించాడు. ఆదిశేషమ్మ ముందు తెల్లబోయింది. సంగతి తెలిశాక కారు తలుపు పట్టుకుని నవ్వింది. భర్త పోయిన తరవాత ఆమె అంతగా నవ్వింది లేదని పక్కింటివాళ్లు చెప్పుకున్నారు. ఆనాటినుంచి వాళ్లిద్దరికీ పెందలాడే అంటే పెంచలయ్యే.

నెలనెలా ఆ ప్రయాణం సాగింది. కేశవ తరఫున ఫోన్ మాట్లాడేది, ఆమె తరఫున ఫోన్ రాసేది. "నీ గొంతేంది నాయనా, వార్తలు చదివే ఆయమ్మ గొంతులా ఉండాది" అని ఆమె ఏడిపించేది. తిరిగొచ్చేటప్పుడు ఆత్మకూరులో ఆపి ఇద్దరూ టీ తాగేవారు. అతను కొట్టిన మెసేజుల్లో ఒత్తులు తప్పినప్పుడు ఫోన్ వింతగా పలికేది. ఆమె అది పట్టుకుని దిద్దేది. ఆరు నెలల్లో కేశవ తెలుగు బాగుపడింది.

కళ్లు మాత్రం బాగుపడలేదు. పోయిన కార్తీకంలో డాక్టరు, "ఎడమ కన్ను ఇక రాదమ్మా. కుడిదాన్ని కొన్నాళ్లు కాపాడగలం, అంతే" అని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ రోజు ఆదిశేషమ్మ టీకి ఆగొద్దంది. ఆత్మకూరు దాటాక ఫోన్ అందుకుంది.

"కేశవా, విశాఖపట్నంలో మా చెల్లెలు రజిని ఉండాది. గుండె ఆపరేషనయ్యి ఇల్లు కదలకూడదంట. ఆరేండ్లయింది నేను దాన్ని చూసి. ఈ కంటికి కనపడతా ఉండంగానే దాని మొహం చూడాల. నాతో వస్తావా?"

కేశవ కారు పక్కకు ఆపి ఆ అక్షరాలు రెండుసార్లు చదివాడు. 'పన్నెండు గంటలు రైల్లో మీరు కూర్చోలేరు' అని చదివించాడు.

"రైలు గాదు. మా సుజన విమానానికి టికెట్లు తీస్తానంటుండాది."

సుజన రజిని కూతురు. పెద్దమ్మకు విమానాశ్రయంలో చక్రాల కుర్చీ, దాన్ని తోసే మనిషీ చెబుతానంది. ఆదిశేషమ్మ వద్దంది. "నా కాళ్లు బాగానే ఉండాయి. కేశవ ఉండాడు గదా" అని ఊరుకుంది.

ప్రయాణం నాడు పెంచలయ్య వేళకే బయల్దేరి, మధ్యాహ్నానికి చెన్నై చేరారు. పాత స్నేహితుల్లో ఒకతని దగ్గర కారు వదిలి, కేశవ మొదటిసారి విమానాశ్రయం గుమ్మం వైపు ప్రయాణికుడిగా నడిచాడు. ఆదిశేషమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. ముందే మొహం ఫోటో ఇచ్చినవాళ్లు కెమెరా వైపు చూస్తే చాలు, తలుపులు తెరుచుకుంటున్నాయి. వీళ్లు కాగితాల వరసలో నిలబడ్డారు. గుమ్మం దగ్గరి జవాను కేశవను ఏదో అడిగాడు. కేశవ చెవి చూపించి చెయ్యి ఊపాడు. జవాను ఆదిశేషమ్మ వైపు తిరిగి టికెట్ మీద పేరు చూపమన్నాడు. అక్షరాలు ఆమెకు కనపడలేదు. జవానుది శ్రీకాకుళం కావడం వాళ్ల అదృష్టం.

"వాడికి ఇనపడదు నాయనా, నాకు కనపడదు. మా ఇద్దర్నీ కలిపి ఒక మనిషిగా లెక్కేసుకో" అంది ఆమె తెలుగులో.

జవాను నవ్వు ఆపుకోలేక, వాళ్లను దగ్గరుండి లోపలికి దాటించాడు.

లోపలికి పోయాక కేశవ నిలబడిపోయాడు. ఎక్కడ చూసినా తెరలు. ఏ విమానం ఎప్పుడు, ఏ గేటు, ఎంత ఆలస్యం, అన్నీ అక్షరాల్లోనే. ఒక్కో విమానాన్నీ మైకులో పిలిచే అలవాటు అక్కడ మానేశారు. జనమంతా తలలెత్తి తెరలు చూసుకుంటూ పోతున్నారు. తాను ఎప్పుడూ బతికే పద్ధతిలోనే అందరూ బతుకుతున్న చోటును కేశవ చూడడం అదే మొదటిసారి. అతని నడక వేగమైంది. సంచులు తనిఖీ చేయించి, గేటు కనుక్కుని, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తెచ్చిచ్చాడు.

అరగంటకు తెర మీద వాళ్ల గేటు నంబరు మారింది. కేశవ ఆమె భుజం తట్టి, లేవమన్నట్లు చెయ్యి పట్టాడు.

"ఉండు నాయనా. ఇంకా పిలవలేదు గదా" అంది ఆదిశేషమ్మ. అరగంటగా ఆమె చెవులు రిక్కించి కూర్చుంది.

'ఇక్కడ పిలవరు టీచరమ్మా. మనమే చూసుకోవాలి. గేటు మారింది' అని ఫోన్ పలికింది.

ఆమె లేచింది గానీ అడుగు వేయలేదు. "పిలవకపోతే ఎట్టా? చూపు లేనోళ్లు ఏంజెయ్యాల? నేనొక్కదాన్నే వచ్చుంటే ఈడనే కూచోనుందును గదా, విమానం ఎల్లిపోయిందాకా."

ఆ మాటలు తెర మీదికి రావడం కేశవ చూశాడు. అంతసేపూ తన కోసమే కట్టినట్లున్న ఆ చోటు, పక్కనున్న మనిషికి అట్లా లేదని అప్పుడు తెలిసింది. తను సంబరంగా ముందు నడుస్తుంటే ఆమె ఏమీ తెలియని నిశ్శబ్దంలో తన వెనక వచ్చిందన్నమాట. అతనికి సిగ్గేసింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆమె చేతిని తన చేతికింద గట్టిగా ఇరికించుకుని, ఆమె అడుగును బట్టి అడుగు వేస్తూ కొత్త గేటు దాకా నడిపించాడు. మెట్టు వచ్చినచోట ఒకసారి నొక్కాడు. మలుపు వచ్చినచోట రెండుసార్లు నొక్కాడు. మూడో మలుపుకు ఆమెకు ఆ లెక్క అర్థమైంది.

విమానంలో ఆమెకు కిటికీ పక్క సీటు వచ్చింది. ఫోన్లు కట్టేయమన్నాక ఆమె మాటలు అక్షరాలుగా మారడం ఆగిపోయింది. ఆమె ఏదో అంది. కేశవ ఖాళీ తెర ఆమె కంటి దగ్గర పెట్టి చూపాడు. ఆమెకు అర్థమైంది. విమానం పరుగెత్తి లేచేటప్పుడు ఆ అదురు అతని వీపులోకీ అరికాళ్లలోకీ పాకింది. అంత పెద్ద ఇంజను అదురును అతను అంతకుముందు ఎరగడు. కళ్లు మూసుకుని, సీటు చెయ్యి మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

అప్పుడు ఆదిశేషమ్మ ఆ చెయ్యి అందుకుని వెల్లకిలా తిప్పింది. చూపుడు వేలితో అతని అరచేతిలో ఒక్కో అక్షరమే రాసింది. ఒకటో తరగతి పిల్లలకు పలక మీద దిద్దించినట్లు, గుండ్రంగా, నిదానంగా.

భ. య. మా.

కేశవ తల అడ్డంగా ఊపి, ఆమె అరచేతిలో రాశాడు. మీకు?

ఉంది, అని రాసింది ఆమె. ఎప్పుడూ అబద్ధం చెప్పని మనిషి.

కిటికీలోంచి ఆమెకు తెల్లటి వెలుతురు తప్ప ఏమీ కనపడలేదు. కింద ఏముంది, అని రాసింది. సముద్రం, అని రాశాడు. ఏ రంగు, అని అడిగింది. అతను కిటికీలోంచి కిందికి వంగి చూసి, ఆమె నీలం చీర వైపు చూశాడు. చివరికి ఆమె పైటకొంగు అందుకుని, పచ్చ అంచుకూ నీలానికీ మధ్య రెండు రంగులూ కలిసే చోటు వెతికి, ఆమె కుడికంటికి దగ్గరగా పట్టుకున్నాడు. ఆమె ఆ చోటు చూసి, కిటికీ వైపు తిరిగి, మళ్లీ కొంగు చూసింది. దిగేదాకా ఆ కొంగును అట్లాగే వేళ్ల మధ్య పట్టుకునే ఉంది.

విశాఖపట్నంలో సుజన వచ్చింది. ఫోన్ నొక్కి కారు పిలిచింది. అట్లాంటి కారు వెనక సీట్లో కూర్చోవడం కేశవకు అదే మొదలు. దిగాక కేశవ సుజన ఫోన్ అడిగి తీసుకుని, ఆ డ్రైవరుకు మార్కులుగా ఇచ్చే చుక్కలన్నీ తానే నొక్కాడు.

రజిని మంచం మీద కూర్చుని ఉంది. ఆదిశేషమ్మ ఆమెను కిటికీ దగ్గరికి రమ్మని, మొహం రెండు చేతులతో పట్టుకుని, తన కంటికి జానెడు దూరంలోకి లాక్కుంది. నుదురు, కనుబొమలు, బుగ్గలు, గడ్డం, ఒక్కొక్కటే చూసింది.

"ముక్కు పక్కన ఈ మచ్చ ఎప్పుడు వచ్చిందే?"

"అది చిన్నప్పటినించీ ఉండేదే గదక్కా. నువ్వే చూళ్లా."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు, ఒకేసారి ఏడ్చారు. ఎవరు ఏమన్నారో కేశవకు తెలియలేదు. అతను సుజన ఇచ్చిన కాఫీ తీసుకుని వరండాలోకి వచ్చేశాడు.

మూడు రోజులుండి తిరిగొచ్చారు. ఉదయగిరిలో అందరికంటే ముందు ఓబమ్మ, విమానం ఎట్లా ఉందని చేతులతో అడిగింది. కేశవ ఆమె వీపు మీద అరచెయ్యి పెట్టి గజగజా అదిరించి చూపించాడు. ఆమె గట్టిగా అరిచి కొట్టబోయింది.

ఆ తరవాత చెన్నైకో, రేణిగుంటకో మొదటిసారి విమానమెక్కేవాళ్లను తీసుకుపోయే బేరం వస్తే, కేశవ దారిలో ఫోన్ తీసి ఒక మాట వినిపించడం మొదలుపెట్టాడు. వార్తలు చదివే గొంతైతే ఎవరూ పట్టించుకోరని, ఆదిశేషమ్మే తన గొంతుతో రికార్డు చేసి ఇచ్చింది. "లోపల మైకులో పిలవరు నాయనా. తెరలు చూస్తా ఉండాల. నీకు చూపు ఆనకపోతే గుమ్మం కాడనే నోరు తెరిచి చెప్పు, మనిషిని తోడిస్తారు. మొగమాటపడబాక." ఆ గొంతు ఎట్లా ఉంటుందో కేశవకు తెలియదు. కానీ వెనక సీట్లో వాళ్లు నిటారుగా కూర్చుని వినడం అద్దంలో చూశాడు. ఆమె బళ్లో చదువుకున్నవాళ్లు కొందరు గొంతు గుర్తుపట్టి చేతులు కట్టుకునేవారు కూడా. పెంచలనరసయ్య ఆ రికార్డు అడిగి తన ఫోన్‌లోకి వేయించుకున్నాడు. దూరపు బేరాలు తనకు ఎక్కువైతే ఇప్పుడు కేశవకే మెసేజ్ పెడతాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ, తిట్టుకుంటూనే పెడతాడు.

ఈ ఎండాకాలానికి ఆదిశేషమ్మ కుడికన్ను కూడా వెలుగూ చీకటీ తప్ప చూపడం మానేసింది. సూదులతో ఇక పని లేదన్నారు. అప్పటికి రజినికి ప్రయాణాలు చేయొచ్చని డాక్టర్లు చెప్పారు. ఆమె సుజనను వెంటబెట్టుకుని రేణిగుంటలో దిగింది. కేశవ ఆదిశేషమ్మను తీసుకుని ఎదురుపోయాడు.

తిరుగు దారిలో సుజన ముందు సీట్లో నిద్రపోయింది. వెనక అక్కాచెల్లెళ్లు చేతులు పట్టుకుని కూర్చున్నారు. నడిమి అద్దంలో చూసినప్పుడల్లా ఇద్దరి పెదవులూ కదులుతూనే ఉన్నాయి. ఒకరు ఆగకముందే రెండోవారు అందుకుంటున్నారు. కలువాయి దాటినా ఆ మాటలు తెగలేదు. రోడ్డు ఖాళీగా ఉంది, తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు. కేశవ కారు వేగం తగ్గించి, ఎడమ పక్కకు తీసి, నిదానంగా పోనిచ్చాడు.